తీగకు రెండు కొసలు
డిండోలి నుండి పల్లెను చూచినప్పుడు

సూరత్ నగరానికి ఆగ్నేయ దిశలో, ఉధనా రైల్వే స్టేషనుకు చేరువలో డిండోలి అనే ప్రాంతం ఉన్నది. ఒకప్పుడు అది ఒక చిన్న గ్రామం. నేడు సూరత్ నగరపాలక సంస్థలో అంతర్భాగం. ఆ వీధులలో గుజరాతీతో పాటు మరాఠీ, హిందీ, భోజ్‌పురీ మాటలు వినిపిస్తాయి. వాటి నడుమ, ఏ వరండా మెట్టు మీదనో కూర్చున్న ఒక ముదుసలి నోట అచ్చమైన తెలంగాణ తెలుగు కూడ చెవిన పడుతుంది. లింబాయత్, గోడాదరా, ఉధనా ప్రాంతాలవలెనే డిండోలి కూడ నేతపనిని నమ్ముకొని వచ్చిన తెలుగు కుటుంబాలకు ఆశ్రయమిచ్చింది.

గ్రామీణ సమాచార సౌకర్యాలను గూర్చిన వ్యాసం ఒక మహానగరపు పేటతో ఆరంభమగుట పాఠకులకు వింతగా తోచవచ్చు. కాని తీగకు రెండు కొసలుంటాయి. పల్లెకు టెలిఫోను ఎందుకు కావాలన్న ప్రశ్నకు మనం సాధారణంగా పల్లెలోనే సమాధానం వెదకుతాము. ఆ సమాధానంలో సగం పల్లెను విడిచి వచ్చినవాని వద్ద ఉన్నది. ఏ ఊరి నుండి మనుషులు ఎక్కువగా వలస పోతారో ఆ ఊరికే సమాచార సౌకర్యం అధికంగా అవసరం. అది చివరగా అందేదీ తరచుగా ఆ ఊరికే.

మగ్గం వెంట నడచినవారు

కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు తరతరాలుగా చేనేత వృత్తిలో జీవించినవారు. మరమగ్గం రాకతో చేతిమగ్గానికి ఆదరణ తగ్గింది. నూలు ధర పెరిగినప్పుడెల్లా నేతగాని కూలి తరిగింది. బ్రతుకుతెరువు వెదకుకొంటూ కొందరు షోలాపూర్‌కు, కొందరు బొంబాయికి, భివండికి, మరికొందరు కృత్రిమ పట్టు చీరలకు పేరుపొందిన సూరత్‌కు తరలిపోయారు. పన్నెండు గంటల పాళీలో మరమగ్గాల హోరు నడుమ నిలబడి పనిచేయుట వారి దినచర్య అయినది. కొందరు కుటుంబాలతో వచ్చి స్థిరపడ్డారు. వారి పిల్లలకై సూరత్ నగర ప్రాథమిక విద్యా సమితి తెలుగు మాధ్యమంలో కూడ పాఠశాలలు నడుపుట ఆ వలస ఎంత పెద్దదో తెలుపుతుంది.

అందరూ కుటుంబాలను తెచ్చుకొనలేదు. భర్త మగ్గం మీద సూరత్‌లో, భార్య బీడీల చాట ముందు సొంత ఊరిలో, ముసలి తల్లిదండ్రులు ఆమె సంరక్షణలో — ఇట్లు ఒకే కుటుంబం రెండు రాష్ట్రాలలో కాపురం చేసిన సందర్భాలు అనేకం. ఆ రెండు సగాలను కలిపి ఉంచినవి రైలుబండి, తపాలా. అహమ్మదాబాదు నుండి సూరత్, భుసావల్, వరంగల్ మీదుగా మద్రాసు వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ మనుషులను చేరవేసేది. మాటను చేరవేసే భారం ఉత్తరానిది. కష్టార్జితాన్ని చేరవేసే భారం మనియార్డరుది. మనియార్డరు ఫారం అడుగున గల ఆ చిన్న జాగాలో వ్రాసిన రెండు పంక్తులే ఎన్నో ఇళ్లకు నెలవారీ వార్త.

ఇక తంతి అంటే భయం. అది తెచ్చేది చావుకబురేనన్న నమ్మకం పల్లెలలో బలంగా ఉండేది. ఆ తంతి అయినా ఆఫీసు ఉన్న ఊరికి మాత్రమే క్షణాలలో చేరేది. అక్కడి నుండి మారుమూల పల్లెకు అది మనిషి కాలినడకనో, సైకిలు మీదనో పోవలసినదే. 2013 జూలైలో మన దేశంలో తంతి సేవ ముగిసినప్పుడు ఎందరో విచారించారు. తంతి బంట్రోతు పొలిమేరలో కనబడగానే గుండె దడదడలాడిన ఇల్లాలికి మాత్రం ఆ విచారం కలిగి ఉండదు.

1994 సెప్టెంబరు

సమాచారం లేకపోవుట ఎంతటి ఆపదయో సూరత్ తెలుగువారు 1994 సెప్టెంబరులో తెలుసుకొన్నారు. నగరంలో ప్లేగు సోకినదన్న వార్త పొక్కగానే కొద్దిరోజులలో లక్షలాది ప్రజలు ఊరు విడిచిపోయారు. రైల్వే స్టేషన్లు క్రిక్కిరిసినవి. రేడియో, వార్తాపత్రికలు ఆ సంగతిని దేశమంతటా వినిపించాయి. అంటే, సూరత్‌లో రోగం ఉన్నదన్న వార్త తెలంగాణ పల్లెకు వెంటనే చేరింది. తమవాడు క్షేమంగా ఉన్నాడా అన్న ప్రశ్నకు సమాధానం మాత్రం చేరలేదు.

ఈ రెండింటి మధ్య గల భేదం మనం గుర్తించదగినది. రేడియో చెప్పేది అందరికీ సంబంధించిన వార్త; తల్లికి కావలసినది ఒక్కని వార్త. మొదటిది ఒకవైపు ప్రవహించే నీరు, రెండవది ఇరువైపులా సాగే మాట. ఊరిలో టెలిఫోను లేనిచో బిడ్డ బండి దిగి గడప త్రొక్కేవరకు ఆ తల్లికి నిద్ర లేదు. వచ్చినవాడు రోగం తెచ్చాడేమోనని ఇరుగుపొరుగువారు జంకితే, ఆ శంక తీర్చే మాట వైద్యుని నుండి పల్లెకు చేరే దారీ లేదు. భయానికి మందు ఆసుపత్రిలో సగమే ఉంటుంది, మిగిలిన సగం నమ్మదగిన కబురులో ఉంటుంది. మరుసటి సంవత్సరం నగరపాలక కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో సూరత్ పరిశుభ్రతకు పేరుగాంచిన నగరంగా మారుట వేరొక ఉజ్జ్వల గాథ.

పసుపుపచ్చ బూత్ వెలుగు

ఆనాటికి మార్పు మొదలు కాలేదనుట సరికాదు. 1960లో లక్నో–కాన్పూర్ నగరాల మధ్య నేరుగా దూరప్రాంతపు నంబరు తిప్పే ఎస్.టి.డి. సౌకర్యం మన దేశంలో తొలిసారిగా వచ్చింది. అది పల్లెకు చేరువ అగుటకు మరో పాతికేళ్లు పట్టింది. 1984లో ఏర్పడిన సి-డాట్ సంస్థ, విదేశీ ఎక్స్ఛేంజీలవలె శీతల గదులు కోరక, మన ఎండకు, దుమ్ముకు తట్టుకొనే చిన్న గ్రామీణ ఎక్స్ఛేంజిని రూపొందించింది. 128 పోర్టుల ఆ యంత్రం 1986లో కర్ణాటకలోని కిత్తూరులో తొలిసారి పనిచేయనారంభించింది. పల్లె పరిస్థితిని యంత్రానికి అనుగుణంగా మార్చక, యంత్రాన్నే పల్లెకు అనుగుణంగా మలచుట ఆ ఇంజనీర్ల వివేకం.

అటుపై వీధివీధినా పసుపుపచ్చ రంగు పి.సి.ఓ. బూత్‌లు వెలిసినవి. రాత్రి పొద్దుపోయిన తరువాత ఛార్జీ పావు వంతుకు తగ్గేది. కనుక పాళీ ముగించిన కార్మికులు నిద్ర మానుకొని బూత్ ముందు వరుసలో నిలబడేవారు. అవతల, ఊరిలో టెలిఫోను గల ఒకే ఒక ఇంటి ముంగిట భార్యాబిడ్డలు వేచి ఉండేవారు. మీటరు పెట్టెపై ఎర్రని అంకెలు పరుగులిడుచుండగా, చెప్పదలచినవి సగం మరచి, ‘బాగున్నరా, బాగున్నం’ అని ముగించిన సంభాషణలు ఎన్నో!

బూత్ ఉన్న కొస పట్టణంలోనే ఉన్నది. రెండవ కొస మాటేమి? 1994 జాతీయ టెలికాం విధానం 1997 నాటికి ప్రతి గ్రామానికి టెలిఫోను అని లక్ష్యం నిర్దేశించింది. తీగ లాగుట కష్టమైన ఊళ్లకు రేడియో ద్వారా పనిచేసే ఎం.ఎ.ఆర్.ఆర్. పద్ధతిని అనుసరించారు. అందులో 15 గ్రామాల టెలిఫోన్లకు కలిపి 2 మార్గాలే ఉండేవి. రెండు ఊళ్లవారు మాటాడుచుండగా తక్కిన పదమూడు ఊళ్లు వేచి ఉండవలసినదే. బ్యాటరీ దిగిపోయినను, ఏరియల్ స్తంభం ఒరిగినను ఆ ఊరు మూగబోయేది. లెక్కలలో అది టెలిఫోను గల గ్రామం. ఊరివారి అనుభవంలో అది మూలనపడిన పెట్టె. ఆ తరువాత ఇటువంటి వేలాది ఫోన్లను మార్చి వేరే పద్ధతిలో నెలకొల్పవలసి వచ్చింది. భారత్ నిర్మాణ్ క్రింద పని ఆరంభమగునాటికి ఇంకను 66 వేలకు పైగా గ్రామాలకు టెలిఫోను చేరలేదు.

ఈ అనుభవం మనబోటి ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులకు ఒక పాఠం. నెలకొల్పుట ఒక పని, నిలుపుట మరొక పని. మొదటిది ప్రారంభోత్సవంతో ముగుస్తుంది; రెండవది ఆనాటి నుండే మొదలవుతుంది.

గాజుపోగు ప్రయాణం

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవను ఆరంభించింది. మొదట అది మహానగరాల వైభవం. పల్లెకు దానిని చేర్చుటకై 2011లో కేంద్ర మంత్రిమండలి జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌ను ఆమోదించింది. అదే తరువాత భారత్‌నెట్ అయినది. సుమారు 2.5 లక్షల గ్రామపంచాయతీలు లక్ష్యం కాగా, 2 లక్షలకు పైగా పంచాయతీలలో పరికరాలు అమరినవి. వెంట్రుక వంటి గాజుపోగులో కాంతి రూపమున సమాచారం పయనిస్తుంది. దాని సామర్థ్యానికి రాగితీగ సాటిరాదు.

తెలుగు రాష్ట్రాలు రెండూ తమతమ ఉపాయాలు పన్నినవి. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ స్తంభాల మీదుగా ఫైబరును సాగించి ఖర్చును, కాలాన్ని ఆదా చేసింది. 2016 చివర కోనసీమలోని మోరి గ్రామం ఈ పథకంలో తొలి గ్రామాలలో ఒకటిగా పేరుపొందింది. తెలంగాణ రాష్ట్రం మిషన్ భగీరథ త్రాగునీటి గొట్టాల కొరకు తవ్విన కందకాలలోనే ఫైబరు గొట్టాలను కూడ పరచింది. ఒకే తవ్వకంతో నీరు, మాట — రెండు దాహాలు తీరవలెనన్న ఆలోచన ప్రశంసనీయం.

అయినను పాత పాఠం మరల ఎదురైనది. తొలి దశలో అనేక చోట్ల ఫైబరు మండల కేంద్రం నుండి ఒక ఊరి మీదుగా మరొక ఊరికి వరుసగా సాగింది. రోడ్డు వెడల్పు పనిలో యంత్రం ఒకచోట దానిని తెంపితే అవతలి ఊళ్లన్నియు చీకటిలో పడేవి. పంచాయతీ కార్యాలయంలో కరెంటు లేకున్నను అంతే. అందుచేతనే 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయల వ్యయంతో ఆమోదించిన సవరించిన పథకంలో ఫైబరును వలయాకారంగా అమర్చుటకు నిశ్చయించారు. వలయం ఒకచోట తెగినను సమాచారం రెండవ దిక్కునుండి చేరగలదు. నేతగానికి ఈ సూత్రం క్రొత్త కాదు: ఒక పోగు తెగినంత మాత్రాన బట్ట చినిగిపోరాదు.

సెల్‌ఫోను సిగ్నలు అందని 24,680 గ్రామాలకు 4జి సేవ కల్పించుటకై 2022లో ఆమోదించిన పథకం భారత్ సంచార్ నిగమ్‌కు అప్పగింపబడినది. లాభాపేక్షయే ప్రధానమైనచోట ఈ గ్రామాల వంతు ఎప్పుడు వచ్చేదో ఊహించవచ్చు. అందరి నుండి కొంత వసూలు చేసి అందనివారికి చేర్చే సార్వత్రిక సేవా నిధి 2002లో ఆరంభమైనది. నేడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి.

చివరి గజం

2020 మార్చిలో లాక్‌డౌన్ విధించినప్పుడు సూరత్ మరమగ్గాలు మూగబోయినవి. ఇల్లు చేరలేని వలస కార్మికుల ఆవేదన దేశమంతా చూచింది. 1994తో పోల్చినచో ఒక్క భేదం కలదు: ఈసారి తల్లి తన బిడ్డ ముఖం ఫోనులో చూడగలిగినది. ఆకలి తీరకపోవచ్చును గాని, ఉన్నాడో లేడో అన్న సందేహం తీరినది. ఆ ఒక్క భేదం వెనుక లక్షలాది ఉద్యోగుల మూడు దశాబ్దాల శ్రమ ఉన్నది.

మిగిలిన కొరత కూడ ఆ సంవత్సరమే బయటపడినది. 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణ ప్రభుత్వం బడిపిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు ప్రసారం చేసింది. ఇంటింటికీ స్మార్ట్‌ఫోను, ఇంటర్నెట్ ఉండవన్న వాస్తవాన్ని గుర్తించి చేసిన ఏర్పాటది. ఇంటిలో ఫోను ఒక్కటే ఉండి, అది సంపాదనకై దూరదేశం పోయిన తండ్రి జేబులో ఉన్నచో, ఊరిలోని బిడ్డకు నెట్ ఉన్నట్లా, లేనట్లా? పంచాయతీ గోడకు పరికరం అమర్చిన నాడు మన లెక్క పూర్తి కావచ్చును; ఆ బిడ్డ లెక్క పూర్తి కాదు.

కేబులు నుండి గడపకు, గడప నుండి చేతికి, చేతి నుండి అవగాహనకు గల ఆ చివరి గజాన్ని దాటించుట తవ్వకపు పని కాదు. ఫోను తెరపై తెలుగు అక్షరం స్పష్టంగా కనిపించవలెను. వచ్చిన సందేశం నిజమో మోసమో తెలుసుకొనే నేర్పు రావలెను. మనియార్డరు రోజులలో డబ్బు ఆలస్యమయ్యేదే గాని, పోస్టుమాన్ స్వయంగా చేతికిచ్చేవాడు. నేడు క్షణంలో చేరే డబ్బు, రహస్య సంఖ్య ఇతరులకు చెప్పినచో క్షణంలోనే మాయం కాగలదు. ఆ జాగ్రత్త నేర్పేవారు ఊరిలో ఉండవలెను.

ఇది కేవలం టెలికాం ఉద్యోగుల బాధ్యత కాదు. మన సంస్థలో పనిచేసేవారిలో పల్లె నుండి వచ్చినవారు ఎందరో ఉన్నారు. రాబోయే పండుగకు ఊరు వెళ్లినప్పుడు పంచాయతీ కార్యాలయంలో ఆ పరికరం వెలుగుచున్నదా అని ఒకసారి చూడండి. వెలగకున్నచో సర్పంచితో మాటాడి ఫిర్యాదు నమోదు చేయించండి. మన గృహిణులు, విద్యార్థులు ఒక సాయంకాలం వెచ్చించి పెద్దమ్మకో, మేనత్తకో సందేశం చదువుట, డబ్బు సరిచూచుకొనుట నేర్పవచ్చును. ఒకసారి నేర్పిన విద్య ఆ వాడలో పదిమందికి ప్రాకుతుంది.

డిండోలిలో ఈ రాత్రి కూడ పాళీ ముగించుకొన్న ఒక నేతకార్మికుడు ఊరికి ఫోను చేస్తాడు. అతడు నిలబడవలసిన వరుస నేడు లేదు, ముందు పరుగులిడే ఎర్రని అంకెలూ లేవు. అవతలి కొసన ఫోను మ్రోగుటయే మిగిలిన సంగతి. అది ప్రతిరాత్రి, ప్రతి ఊరిలో మ్రోగేటట్లు చూచుట మన కర్తవ్యం.