నల్లబల్ల మీది పేరు

మన శోళవరం, పొన్నేరి వైపు పల్లెల నుంచి ఇంజనీరింగు కాలేజీకి వెళ్లి, కంపైలరు రాయాలని చూసే పిల్లలు మీ ఇంట్లో ఉంటే కాస్త దగ్గరకు పిలవండి. మాట వారి కోసమే.

మనం రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చేది కంపైలరు. 2000లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఎల్‌ఎల్‌వీఎం, కంపైలర్లు కట్టుకునేవారికి సామగ్రి వంటిది. దాన్ని సీ ప్లస్ ప్లస్‌లో రాశారు.

కంపైలరు నడుస్తున్నంతసేపూ పేర్లు పుట్టిస్తూనే ఉంటుంది. ‘శోళవరం’ పక్కన ‘చెరువు’ చేర్చి ఒక పేరు చేశారనుకోండి. యూటీఎఫ్-8 పద్ధతిలో అది 36 బైట్ల మాట. దాన్ని ఏ చలరాశిలోనూ దాచకపోతే, సాధారణంగా ఆ వాక్యం చివరి సెమికోలన్ దగ్గరే దాని ఆయుష్షు తీరిపోతుంది.

ఎల్‌ఎల్‌వీఎంలో ‘స్ట్రింగ్‌రెఫ్’ అని ఒకటుంది. అది అక్షరాలను దాచదు. అవి ఎక్కడున్నాయో, ఎన్ని బైట్లో, అంతే గుర్తుంచుకుంటుంది. తరగతిలో ఒక పిల్లవాడు జవాబు రాసుకోకుండా, ‘నల్లబల్ల మీద మూడో వరుస చూడు’ అని నోటుబుక్కులో రాసుకున్నాడనుకోండి. తరువాతి పీరియడుకు అక్కడ భూగోళం పాఠం ఉంటుంది! ఒక్కోరోజు బల్ల తుడవరు, జవాబు సరిగ్గానే కనిపిస్తుంది. నన్నడిగితే అదే ఎక్కువ ప్రమాదం. మీ యంత్రంలో చక్కగా నడిచిన కంపైలరు, మరొకరి దగ్గర ఫంక్షను పేరుకు బదులు చెత్త అక్షరాలు రాస్తుంది, లేదా కుప్పకూలుతుంది.

‘ట్వైన్’ ఇంకా సున్నితమైనది. అది ముక్కలను వెంటనే కలపదు, ఫలానా ముక్క పక్కన ఫలానా ముక్క అని మాత్రం చెబుతుంది. పేరు అక్కరలేని చోట కలిపే శ్రమ మిగులుతుంది. అయితే ఆ చెప్పే చీటీలు కూడా తాత్కాలికమే. కాబట్టి ట్వైన్‌ను ఫంక్షనుకు కాన్‌స్ట్ రిఫరెన్సుగా అందించండి, అక్కడికక్కడే వాడేయండి. చలరాశిలో గానీ, క్లాసు సభ్యునిగా గానీ పెట్టుకోవద్దు. తరువాత కావాలంటే దాని ‘ఎస్‌టీఆర్’ ఫంక్షనును పిలిచి, వచ్చినదాన్ని సొంత స్ట్రింగులో దాచుకోండి. కాపీకి కాస్త కాలం పడుతుంది, పట్టనివ్వండి.

2017 నాటి సీ ప్లస్ ప్లస్ ప్రమాణంతో వచ్చిన ‘స్ట్రింగ్ వ్యూ’కూ ఈ జాగ్రత్తే వర్తిస్తుంది.

తుడిచేసిన బల్లను చదివే తప్పులను పట్టడానికి 2012 నుంచి క్లాంగ్ కంపైలరులో ‘అడ్రెస్ శానిటైజర్’ ఉంది. పరీక్షలు దానితో నడపండి. ఒక్క మాట, పరీక్షలో ఆ వరుస నడిస్తేనే అది పట్టుకుంటుంది. నడవని వరుసను మీరే చదివి చూసుకోవాలి.