చెరువు ఒడ్డున గుడారమా? ముందు అనుమతి తీసుకోండి!

జూబ్లీహిల్స్: ఒకప్పుడు రాళ్లగుట్టలు, ముళ్లపొదలు తప్ప మరేమీ కానరాని జూబ్లీహిల్స్, ఫిలింనగర్‌ పరిసరాల్లో నేడు అడవి అనదగినది కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం ఒక్కటే. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన ఈ వనంలో నడకకే తప్ప రాత్రి బసకు తావు లేదు. గుట్టల చాటున దాగి, గోల్కొండ కోటకు మంచినీరిచ్చిన దుర్గం చెరువు చుట్టూ ఇప్పుడు భవనాలే. దాంతో నక్షత్రాల కింద ఒక రాత్రి గడపాలనుకునే యువత వారాంతాల్లో వికారాబాద్‌ దారి పడుతున్నారు. మూసీ నది పుట్టిన అనంతగిరి అడవులు, ఆపైన కోట్‌పల్లి జలాశయం వీరి గమ్యస్థానాలు.

గది, కుళాయి, మరుగుదొడ్డి ఏవీ లేనిచోట సొంతంగా గుడారం వేసుకోవడం అమెరికాలోని జాతీయ అడవుల్లో చాలాచోట్ల చట్టసమ్మతమే. సాధారణంగా 14 రోజుల వరకు ఉండనిస్తారు. అక్కడ చదువుకుని వచ్చినవారు ఇక్కడా అంతేననుకుంటే చిక్కుల్లో పడతారు. మన రిజర్వు అడవుల్లో అనుమతి లేకుండా ప్రవేశించడం, నిప్పు వెలిగించడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. కాబట్టి ముందుగా అటవీ రేంజి కార్యాలయంలో విచారించాలి. పట్టా భూమి అయితే రైతును అడగాలి.

మంటతోనే ముప్పు

సినిమా పాటకు వేసిన చలిమంటను షూటింగ్‌ ముగియగానే ఆర్పి, ఊడ్చిపోయే మనుషులుంటారు. అడవిలో ఆ మనుషులుండరు. ఫిబ్రవరి నుంచి ఆకు రాలే ఈ అడవుల్లో ఒక్క నిప్పురవ్వ చాలు, గుట్ట మొత్తం అంటుకోవడానికి. వంటకు చిన్న గ్యాస్‌ పొయ్యి మేలు. అనుమతించిన చోట మంట వేసినా, బూడిదపై నీళ్లు పోసి, కలియబెట్టి, చేతికి చల్లగా తగిలే వరకు వదలరాదు.

గుడారం నీటి అంచుకు కనీసం 200 అడుగుల దూరంలో ఉండాలి. మలవిసర్జనకూ అంతే దూరంలో అరడుగు లోతు గుంత తీసి, పూడ్చాలి. సబ్బునీరు చెరువులో కలపరాదు. అనంతగిరిలో పడేసిన చెత్త వానకు మూసీలోకి, అక్కడి నుంచి గండిపేటకు చేరుతుంది. గండిపేట నీరు తాగేది హైదరాబాద్‌ వాసులే. తెచ్చిన సీసాలు, ప్లాస్టిక్‌ సంచులు తిరిగి తీసుకెళ్లడం పెద్ద బరువేమీ కాదు. తాగునీరు వెంట తెచ్చుకోవాలి. తప్పనిసరైతే చెరువు నీటిని వడగట్టి, తెర్లేలా కాచుకోవాలి.

ఈత రాకున్నా నీటిలో దిగే వారికి ఎంత చెప్పినా తక్కువే. జలాశయాల్లో ఒక అడుగు వరకు మోకాలి లోతు, మరుసటి అడుగుకు నిలువు లోతు. కింద కాలు దిగబడే బురద.

రాత్రి గుడారం జిప్పు పూర్తిగా మూసి పడుకోవాలి. బూట్లు లోపలే ఉంచాలి. రాత్రిపూట సంచరించే కట్లపాము కాటు చాలాసార్లు దోమకాటులా ఉంటుంది, నొప్పి తెలియదు. అనుమానం వస్తే కోయడం, కట్టు బిగించడం, నాటువైద్యం వద్దు. కాలు కదపకుండా ఉంచి 108కు ఫోన్‌ చేయాలి. లోయల్లో సెల్‌ సిగ్నల్‌ అందకపోవచ్చు. అందుకే ఎక్కడ బస చేస్తున్నదీ, ఎప్పుడు తిరిగి వచ్చేదీ ఇంట్లో వారికి, సమీప గ్రామంలో ఒకరికి చెప్పి వెళ్లాలి.