ఇండియా నుంచి తెచ్చిన యాంటీబయాటిక్ పిల్లలకి వేసే ముందు...

సెలవులకి ఇండియా వెళ్ళొచ్చిన వాళ్ళ పెట్టెల్లో పచ్చళ్ళు, పొడులతో పాటు ఒక మందుల కవరు కూడా ఉంటుంది. అందులో ఒక అజిత్రోమైసిన్ స్ట్రిప్పు, పిల్లలకని ఒక అమాక్సిసిలిన్ సీసా. ఇక్కడ అపాయింట్‌మెంట్ దొరకడం, కో-పేలు, ఇన్సూరెన్స్ గొడవలు చూశాక "అవసరానికి పడుంటాయిలే" అనుకోవడం సహజమే. కానీ పిల్లల విషయంలో ఆ కవరు ఎందుకు తెరవకూడదో ఒకసారి మాట్లాడుకుందాం.

ముందు ఒక అపోహ. "మాటిమాటికీ యాంటీబయాటిక్ వేస్తే పిల్లాడి ఒంటికి అలవాటైపోతుంది" అంటూంటాం. అలవాటు పడేది ఒళ్ళు కాదు, బ్యాక్టీరియా. మందు వేసినప్పుడు బలహీనమైనవి చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. అవి ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. అందుకే యాంటీబయాటిక్ ముట్టని బిడ్డకి కూడా మొండి ఇన్ఫెక్షన్ రావచ్చు.

అమెరికాలో ఈ విషయం తల్లిదండ్రులని గట్టిగా కుదిపింది 1999 ఆగస్టులో. 1997 నుంచి 1999 మధ్య మిన్నెసోటా, నార్త్ డకోటాల్లో నలుగురు పిల్లలు మర్సా అనే మొండి బ్యాక్టీరియా వల్ల చనిపోయారని సీడీసీ ప్రకటించింది. ఏడాది బాబు, 16 నెలల పాప, ఏడేళ్ళ పాప, 13 ఏళ్ళ అమ్మాయి. అప్పటిదాకా మర్సా అంటే ఆస్పత్రుల్లో అంటుకునేదనే అనుకునేవారు. వీళ్ళకి మాత్రం బయటే సోకింది. ఏడేళ్ళ పాపకి జ్వరం, గజ్జల్లో నొప్పితో మొదలైంది. నలుగురికీ మొదట ఇచ్చింది మామూలుగా పనిచేసే సెఫలోస్పోరిన్ రకం మందే. ఆ బ్యాక్టీరియా మీద అది పనిచెయ్యలేదు. మొండి ఇన్ఫెక్షన్‌లో అసలు ప్రమాదం ఇదే. సరైన మందు ఉన్నా, అది ఏదో తెలిసేసరికి విలువైన గంటలు గడిచిపోతాయి.

ఆ గంటలు కాపాడేది కల్చర్ టెస్ట్. మూత్రమో, చీమో, రక్తమో తీసి ఏ బ్యాక్టీరియా పెరిగింది, ఏ మందుకి లొంగుతుంది అని చూస్తారు. రెండు మూడు రోజులు పట్టొచ్చు. శాంపిల్ తియ్యకముందే మనం ఇంట్లో రెండు డోసులు వేసేస్తే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. జ్వరం కాస్త తగ్గినట్టుంటుంది, లోపల ఇన్ఫెక్షన్ అలాగే ఉంటుంది, డాక్టర్‌కి దారి కనిపించదు. కాబట్టి ఒకవేళ ఇంట్లో ఏదైనా వేసి ఉంటే దాచకండి. పేరు, ఎన్ని డోసులు, ఎప్పుడు వేశారో చెప్పండి. తిడతారని భయం వద్దు, నర్సులం అడిగేది చికిత్స కోసమే.

ఇంకో మాట మన ప్రయాణాల గురించి. నెదర్లాండ్స్ నుంచి విదేశాలకి వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళ మీద జరిగిన ఒక పరిశోధన 2017లో అచ్చయింది. దక్షిణాసియాకి వెళ్ళినవాళ్ళలో నూటికి 75 మంది పేగుల్లో ఈఎస్‌బీఎల్ అనే మొండి రకం బ్యాక్టీరియాతో తిరిగొచ్చారు. ప్రయాణంలో యాంటీబయాటిక్ వాడినవాళ్ళకి ఆ అవకాశం ఇంకా ఎక్కువ. చాలామందిలో అది కొన్ని వారాల్లో దానంతటదే పోయింది, కంగారు పడక్కర్లేదు. కానీ ఊరి నుంచి వచ్చాక పాపకి మూత్రంలో మంట, జ్వరం వస్తే "నెల కిందట ఇండియా నుంచి వచ్చాం" అని డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. మందు ఎంచుకోవడంలో ఆ ఒక్క ముక్క చాలా ఉపయోగపడుతుంది.

ఇంట్లో మనం చెయ్యగలిగినవి:

చర్మం మీద సాలీడు కుట్టినట్టు ఎర్రగా, వేడిగా, నొప్పిగా గడ్డ లేస్తే పిండకండి, సూదితో పొడవకండి. శుభ్రమైన బ్యాండేజ్ వేసి డాక్టర్‌కి చూపించండి. చాలాసార్లు చీము తీసెయ్యడమే అసలు వైద్యం. తువ్వాళ్ళు, రేజర్లు, ఆటల సామాను ఒకరివి ఒకరు వాడనివ్వకండి.

జలుబు, ఫ్లూ వైరస్ వల్ల వచ్చేవి, వాటికి యాంటీబయాటిక్ పనిచెయ్యదు. రెండేళ్ళు దాటిన పిల్లలకి చెవి ఇన్ఫెక్షన్ తీవ్రంగా లేకపోతే నొప్పి మందు ఇచ్చి రెండు మూడు రోజులు చూద్దామని డాక్టర్ అనొచ్చు. అది నిర్లక్ష్యం కాదు. అలా గమనిస్తూ ఆగొచ్చని పిల్లల డాక్టర్ల సంఘం మార్గదర్శకాలే చెబుతున్నాయి.

టీకాలు వాయిదా వెయ్యకండి. 2000లో న్యూమోకాకల్ టీకా మొదలయ్యాక చిన్నపిల్లల్లో మందులకి లొంగని న్యూమోకాకల్ ఇన్ఫెక్షన్లు కూడా బాగా తగ్గాయి.

డాక్టర్ రాసిన మందు చెప్పినన్ని రోజులు వెయ్యండి. మిగిలినది దాచి తమ్ముడికి వెయ్యకండి.

మూడు నెలల లోపు బిడ్డకి 100.4 జ్వరం వచ్చినా, ఏ వయసు పిల్లలైనా జ్వరంతో కుంటుతున్నా, ఊపిరి కష్టంగా ఉన్నా, లేపితే లేవకపోయినా, ఎరుపు గంటగంటకీ పాకుతున్నా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి.

2019 సీడీసీ నివేదిక ప్రకారం అమెరికాలో ఏటా 28 లక్షలకి పైగా మొండి ఇన్ఫెక్షన్లు వస్తున్నాయి, 35 వేల మందికి పైగా చనిపోతున్నారు. ఇంత పెద్ద లెక్కలో మన వంతు చిన్నదే. ఈ వారాంతం ఆ మందుల కవరు తీసి, మిగిలిన యాంటీబయాటిక్స్ దగ్గర్లో ఫార్మసీలో పాత మందులు వేసే డబ్బా ఉంటే అందులో వేసి రండి. అమ్మకి ఫోన్ చేసినప్పుడు "ఈసారి మందులు పంపకమ్మా, కందిపొడి పంపు చాలు" అని చెప్పండి.