సైన్యాన్ని లెక్కలడిగిన ఆయేషా

పొద్దున్నే పిల్లలకి పాలల్లో వేసి పెట్టే కార్న్‌ఫ్లేక్స్ ప్యాకెట్ మీద కంపెనీ పేరు ఎప్పుడైనా చదివారా? మనలో చాలామందిమి చదవం. ధర చూస్తాం, తేదీ చూస్తాం, డబ్బాలో పోసేస్తాం. పాకిస్థాన్‌లో ఒక ఇల్లాలు ఆ ప్యాకెట్ తిప్పి చూస్తే "ఫౌజీ" అన్న పేరు కనిపించవచ్చు. ఫౌజీ అంటే సైనికుడు! పొలంలో చల్లే యూరియా కూడా ఫౌజీదే కావచ్చు. ఇంటికి వాడే సిమెంటులోనూ ఫౌజీ ఉంది. డబ్బు దాచుకునే బ్యాంకుల్లో ఒకటి అస్కరీ. ఆ మాటకీ అర్థం సైన్యానికి సంబంధించినదనే.

సరిహద్దులు కాపాడే సైన్యానికి కార్న్‌ఫ్లేక్స్‌తో పనేమిటి?

వినడానికి చాలా మామూలు ప్రశ్న. కానీ ఆ దేశంలో ఈ ప్రశ్న గట్టిగా అడగడానికి చాలా గుండె ధైర్యం కావాలి. అడిగిందెవరో తెలుసా? ఒక మహిళ. పేరు ఆయేషా సిద్దిఖా. రాజనీతి శాస్త్రంలో పండితురాలు. పాకిస్థాన్ సైన్యం గురించి, భారత్-పాక్ సంబంధాల గురించి పత్రికల్లో, టీవీల్లో ఏళ్ళ తరబడి వ్యాఖ్యానిస్తున్న వ్యక్తి. మన దేశంలోని పత్రికలకీ ఆమె వ్యాసాలు రాస్తుంటారు.

తల్లి కథలు, కూతురి లెక్కలు

ఆయేషా తల్లి జమీలా హష్మీ పేరున్న ఉర్దూ రచయిత్రి. దేశ విభజన రోజుల్లో అపహరణకు గురై, పరాయి ఇంట్లో ఇల్లాలిగా మిగిలిపోయిన ఒక ముస్లిం స్త్రీ కథ రాశారామె. ఆ కథ పేరు "బన్‌బాస్", అంటే వనవాసం. సరిహద్దుకు అవతల పుట్టిన కథలో మన సీతమ్మ కష్టం వినిపిస్తుందంటే ఆశ్చర్యంగా లేదూ! విభజన గాయాన్ని తల్లి కథగా చెబితే, ఆ తరువాత దేశం నడిచిన తీరును కూతురు లెక్కల్లో వెతికింది.

లెక్కలంటే అక్షరాలా లెక్కలే. లండన్‌లోని కింగ్స్ కాలేజీలో యుద్ధ అధ్యయనాల్లో డాక్టరేట్ చేసిన ఆయేషా, పాకిస్థాన్ సివిల్ సర్వీసులో పనిచేశారు. రక్షణ శాఖ ఆడిట్ విభాగంలో ఉద్యోగం. తరువాత నౌకాదళంలో పరిశోధన విభాగానికి డైరెక్టర్‌గా వెళ్ళారు. యూనిఫాం లేని వ్యక్తి, అందులోనూ స్త్రీ, ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. ఇంటి ఖర్చు పుస్తకం రాసే ఆడవాళ్ళకి ఒక సంగతి బాగా తెలుసు. రాసిన పద్దులకంటే రాయని పద్దులే ఎక్కువ మాట్లాడతాయి. ఆయేషా చూపు పడిందీ ఆ రాయని పద్దుల మీదనే.

ఏముంది ఆ పుస్తకంలో?

2007లో "మిలటరీ ఇంక్" అనే పుస్తకం వెలువడింది. అప్పటికి పాకిస్థాన్‌ను ఏలుతున్నది జనరల్ ముషారఫ్. 1999లో సైనిక తిరుగుబాటుతో గద్దెనెక్కిన మనిషి. అలాంటి రోజుల్లో సైన్యం వ్యాపారాల గురించి రాసిందామె.

కథ ఎక్కడ మొదలైందంటే, మాజీ సైనికుల సంక్షేమం దగ్గర. 1954లో ఫౌజీ ఫౌండేషన్ ఏర్పడింది. 1971లో ఆర్మీ వెల్ఫేర్ ట్రస్టు వచ్చింది. ఆ తరువాత వైమానిక దళానికి షహీన్, నౌకాదళానికి బహ్రియా ఫౌండేషన్లు వచ్చాయి. రిటైరైన జవానుకి, చనిపోయిన సైనికుడి కుటుంబానికి ఆసరా ఇవ్వాలన్నది ఉద్దేశం. మంచిదే. ఎవరు కాదంటారు? కానీ ఆ పేరుతో ఎరువులు, సిమెంటు, పంచదార, బ్యాంకులు, బీమా, ఇళ్ళ స్థలాలు... ఇలా ఒక్కొక్కటే చేరుతూ పోయింది. ఈ వ్యాపారాల వివరాలు దేశ రక్షణ బడ్జెట్‌లో కనిపించవు. మిగతా ప్రభుత్వ ఖర్చుల్లా వీటిని ఎవరూ నిలదీయలేరు. లాభంలో పెద్ద వాటా చేరేది పెద్ద అధికారులకే. ఈ మొత్తం వ్యవహారానికి ఆమె "మిల్‌బస్" అని పేరు పెట్టారు. మిలటరీ, బిజినెస్ మాటల్ని కలిపి చేసిన పేరన్నమాట.

ఈ వ్యాపార సామ్రాజ్యం విలువ దాదాపు 1,000 కోట్ల బ్రిటిష్ పౌండ్లు ఉండొచ్చని ఆమె అంచనా కట్టారు. ప్రభుత్వ భూమిలో సుమారు 12 శాతం సైన్యం చేతిలో ఉందన్నారు. సైన్యం దీన్ని ఒప్పుకోలేదు. తమ సంస్థలు పన్నులు కడుతున్నాయని, ఆసుపత్రులు, స్కూళ్ళు నడుపుతున్నాయని అంటుంది. ఆ ఆసుపత్రులూ, స్కూళ్ళూ ఉన్న మాట నిజమే. కానీ ఆయేషా అడిగేది వేరు. మంచి పనికైతే లెక్క చూపడానికి అభ్యంతరమేమిటి?

హాలు దొరకని పుస్తకావిష్కరణ

2007 మే నెలలో ఇస్లామాబాద్‌లో పుస్తకాన్ని ఆవిష్కరించాలనుకున్నారు. ముందుగా మాట్లాడుకున్న పెద్ద క్లబ్బు చివరి నిమిషంలో హాలు ఇవ్వనంది. హోటళ్ళను అడిగితే వాళ్ళూ తలుపులు మూసేశారు. ఆఖరికి ఒక స్వచ్ఛంద సంస్థ కార్యాలయంలో కార్యక్రమం జరుపుకోవాల్సి వచ్చింది. తమాషా ఏమిటంటే, హాలు ఇవ్వకపోవడమే పుస్తకానికి పెద్ద ప్రచారమైంది. అసలు ఇందులో ఏముందోనని జనం ఎగబడి చదివారు!

బట్టలుతికే కర్రలే ఆయుధాలు

ఆయేషా పుస్తకంలో భూముల గురించి ఒక అధ్యాయం ఉంది. అందులో పంజాబ్‌లోని ఒకారా ప్రాంతపు రైతుల గోడు వస్తుంది. అక్కడ తాతల కాలం నుంచి కౌలుకు సాగు చేసుకుంటున్న కుటుంబాలున్నాయి. పంటలో వాటా ఇవ్వడం వాళ్ళ పద్ధతి. 2000లో సైన్యపు వ్యవసాయ క్షేత్రాల వాళ్ళు వచ్చి, ఇకమీదట వాటా వద్దు, డబ్బు రూపంలో కౌలు కట్టండన్నారు. ఆ కాగితం మీద సంతకం పెడితే రేపు పొలం ఖాళీ చేయమంటారని రైతులకు భయం పట్టుకుంది. "మాలికీ యా మౌత్" అని నినదించారు. సొంతదారులమన్నా కావాలి, లేదా చావాలి అని.

పోలీసులు ఊళ్ళను చుట్టుముట్టినప్పుడు ముందు నిలబడిందెవరు? ఆడవాళ్ళే! బట్టలు బాదే కర్రని అక్కడ "థాపా" అంటారు. ఆ కర్రలు పట్టుకుని బారులు తీరారు. అందుకే వాళ్ళకి థాపా దళమని పేరొచ్చింది. అక్కడ జరిగిన అరెస్టులు, దెబ్బల గురించి 2004లో హ్యూమన్ రైట్స్ వాచ్ ఒక నివేదికే ఇచ్చింది. పెద్ద చదువులు చదివిన ఆయేషా, బడి ముఖం చూడని ఆ పల్లె పడుచులు అడిగింది ఒకే ప్రశ్న: ఈ నేల ఎవరిది?

నోరు విప్పితే మూల్యం

ఆయేషాకి దక్షిణ పంజాబ్‌లోని బహావల్‌పూర్‌తో కుటుంబ బంధముంది. ఆ ప్రాంతంలో ఉగ్రవాద సంస్థలు ఎలా వేళ్ళూనుకుంటున్నాయో 2009 నాటికే ఆమె పత్రికల్లో రాశారు. 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో 26 మందిని ఉగ్రవాదులు కాల్చి చంపాక, మే 7న మన సేనలు దాడి చేసిన చోట్లలో బహావల్‌పూర్ ఒకటి. ఆ పేరు మనలో చాలామంది వినడం అప్పుడే. ఆమె పదహారేళ్ళ ముందే చెప్పారు!

ఇంత ముక్కుసూటిగా మాట్లాడితే ఊరుకుంటారా? దేశద్రోహి అన్నారు. పరాయి దేశాల మనిషన్నారు. ఆమె ఇప్పుడు లండన్‌లో ఉంటున్నారు. పాకిస్థాన్ వెళితే ప్రాణానికి ముప్పు రావచ్చని బ్రిటన్ పోలీసులు హెచ్చరించిన సంగతి 2022లో అక్కడి పత్రికల్లో వచ్చింది. సొంతూరి గురించి రాసిన మనిషికి సొంతూరికి వెళ్ళే దారి మూసుకుపోవడం కంటే పెద్ద శిక్ష ఏముంటుంది? అమ్మ రాసిన వనవాసం కూతురికి మరో రూపంలో ఎదురైంది.

ఇలాంటి వాళ్ళలో ఆయేషా మొదటివారు కారు. ఢాకా విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధించిన రౌనక్ జహాన్, పాకిస్థాన్ రెండు ముక్కలు కావడానికి కారణాలేమిటో వివరిస్తూ 1972లోనే పుస్తకం ప్రచురించారు. తూర్పు బెంగాల్‌ను అధికారంలో, ఉద్యోగాల్లో, నిధుల్లో ఎలా వెనక్కి నెట్టారో అంకెలతో చూపించారు.

మనకెందుకు ఈ గొడవ?

"యుద్ధాలూ, సైన్యాలూ మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకులే" అని టీవీ చానల్ మార్చేసే వాళ్ళున్నారు. 2025 మేలో సరిహద్దు కాల్పుల్లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక యువ జవాను కూడా ప్రాణాలు కోల్పోయాడు. ఆ తల్లికి అది దూరపు వ్యవహారమా? కాదు కదా!

అందుకే టీవీలో విశ్లేషకులు మాట్లాడుతుంటే వినండి. వింటూ మూడు సంగతులు గమనించండి. ఒకటి, చెప్పే మాటకి ఆధారం చూపుతున్నారా, లేక గొంతు పెంచుతున్నారా? రెండు, తెలియని విషయం తెలియదని ఎప్పుడైనా అంటున్నారా? మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఎదుటి పక్షాన్నే కాకుండా తన పక్షాన్ని కూడా ప్రశ్నిస్తున్నారా? పొరుగువాళ్ళ తప్పులు ఎంచడానికి ధైర్యం అక్కర్లేదు. ఎవరైనా చేస్తారు.

ఆయేషా మాటలు మన చానళ్ళకి ఇష్టం. పాకిస్థాన్ సైన్యాన్ని తప్పుపడుతుంది కాబట్టి. కానీ అదే మనిషి మన ఇంట పుట్టి, మన లెక్కలు అడిగితే? అప్పుడూ ఇలాగే చప్పట్లు కొడతామా? పొరుగింటి ఆయేషాని మెచ్చుకునేవాళ్ళం, మన ఇంట్లో ప్రశ్నించే ఆడపిల్లని "నోరు మూసుకో" అనకుండా ఉంటే చాలు. ఆమెను నిజంగా గౌరవించినట్టే!