బండి దిగాక చెయ్యి తిమ్మిరా?

పాపని ట్యూషన్ నుంచి తీసుకొచ్చేసరికి నా కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కిపోయేవి. ఒకరోజు కాఫీ గ్లాసు జారిపోయింది. రాత్రి కథ రాద్దామంటే చేతిలో కలం నిలవదు! "వయసొస్తోందిలే" అన్నారు మావారు. మర్నాడు అదే స్కూటర్ మీద బజారుకెళ్లి చెయ్యి దులుపుకుంటూ వచ్చారు. అప్పుడు కదిలింది బండి షెడ్డుకి!

"ఇంజను బుష్‌లు అరిగిపోయాయమ్మా, అదురంతా హ్యాండిల్‌కే వస్తోంది" అన్నాడు మెకానిక్. అవి మార్చి, గట్టిపడిన గ్రిప్పులు తీసి మెత్తటివి వేశాడు. టైర్లలో ఎక్కువైన గాలి తగ్గించాడు.

సగం తప్పు నాదే లెండి. భయంతో హ్యాండిల్‌ని పిడికిలి బిగించి పట్టుకునేదాన్ని. ఎంత బిగిస్తే అదురు అంత చేతికెక్కుతుంది. మణికట్టు వంచి యాక్సిలరేటర్ తిప్పితే అక్కడి నరం నొక్కుకుంటుంది. ఇప్పుడు మోచేతులు వదులుగా, మణికట్టు తిన్నగా ఉంచుతున్నాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వేళ్లు విదిలిస్తాను, పక్కవాళ్లు వింతగా చూసినా సరే!

దిగిన కాసేపటికి తగ్గితే ఫరవాలేదట. తిమ్మిరి రాత్రి నిద్ర లేపుతున్నా, వస్తువులు జారుతున్నా ఆలస్యం చెయ్యకూడదన్నారు డాక్టరమ్మ. షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. నన్ను పడుకునేటప్పుడు మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకోమన్నారు. నెలన్నరకి చేతిలో కలం నిలిచింది. ఆగిన కథ మళ్లీ మొదలుపెట్టాను.