కార్డు అప్పు: తీర్చే దారి, మన వంతు

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్



సహాయం కోరి సొసైటీ గడప తొక్కేవారి కష్టాలు మనకు తెలిసినవే. స్కూలు ఫీజు, ఆసుపత్రి ఖర్చు, ఆడపిల్ల పెళ్లి, వానకు కూలిన గోడ. ఈ మధ్య వీటి వెనకాల ఇంకొకటి దాగి ఉంటోంది. ఫీజు కట్టలేకపోయానన్న తండ్రిని నాలుగు మాటలు అడిగితే, జీతం పడిన రోజే సగం డబ్బు క్రెడిట్ కార్డు బిల్లుకు పోతోందని తెలుస్తుంది. ఆ మాట ఆయన దరఖాస్తులో రాయడు. చాలాసార్లు ఇంట్లో భార్యకు కూడా చెప్పి ఉండడు. బడిలో లెక్కలు చెప్పే వాళ్లం కాబట్టి ఈ అప్పు లెక్కను, దాన్ని తీర్చే క్రమాన్ని, అందులో దాతలు చేయగలిగిన పనిని ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

కార్డు మన ఊరిదాకా ఎలా వచ్చింది

క్రెడిట్ కార్డు తెలుగువారికి కొత్త వస్తువేమీ కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు ఇచ్చింది. దేశంలో తొలి కార్డుల్లో అదొకటి. ఆ రోజుల్లో కార్డు అంటే పెద్ద ఉద్యోగస్తుడి జేబులో ఉండేది. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. కార్డు మాత్రం పల్లెకు చేరింది.

చిట్టమూరు, కోట, వాకాడు వైపు పిల్లలు నాయుడుపేటకో, శ్రీసిటీకో, చెన్నైకో పనికి వెళ్తున్నారు. జీతం బ్యాంకులో పడటం మొదలైన కొన్ని నెలలకే కార్డు తీసుకోమని ఫోను వస్తుంది. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకునే వీలు కూడా వచ్చింది. ఇప్పుడు టీ అంగట్లో స్కాన్ చేసినా అది అప్పు ఖాతాలో పడవచ్చు. చేతిలోంచి నోటు పోతే కంటికి కనబడుతుంది. ఇది కనబడదు.

మన ప్రాంతానికి ఇంకో ఇబ్బంది ఉంది. వరి కోసినప్పుడు, రొయ్యల గుంట పట్టినప్పుడు డబ్బు వస్తుంది, తక్కిన నెలల్లో రాదు. వాటి మీద బతికే చిల్లర అంగళ్లకూ, ఆటో నడిపేవారికీ అంతే. కార్డు బిల్లుకు మాత్రం ప్రతి నెలా ఒకే తేదీ. ఏడాదికి రెండుసార్లు వచ్చే రాబడితో ఏడాదికి పన్నెండుసార్లు వచ్చే బిల్లు కట్టాలంటే కుదరదు.

నూటికి మూడున్నర

బ్యాంకువారు వడ్డీని శాతాల్లో చెబుతారు. మనం ఊరి భాషలో చెప్పుకుందాం. ఎవరైనా నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడంటే, వాడు మునిగిపోతాడని రచ్చబండ మీద కూర్చున్న పెద్దలు వెంటనే అంటారు. చాలా క్రెడిట్ కార్డుల వడ్డీ నెలకు నూటికి మూడు నుంచి మూడుముప్పావు రూపాయల దాకా ఉంటుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం. ఏసీ గదిలో ఇస్తున్నారు కాబట్టి మనకు అది వడ్డీవ్యాపారంలా కనిపించదు.

ఒక లెక్క వేసి చూద్దాం. బాకీ 50,000 రూపాయలు, వడ్డీ నెలకు మూడున్నర అనుకుందాం. ఒక నెల వడ్డీ 1,750. దాని మీద జీఎస్టీ 315. మొత్తం 2,065. బిల్లులో మినిమం డ్యూ అని బాకీలో 5 శాతం, అంటే 2,500 చూపిస్తే, చాలామంది అదే కట్టి ఈ నెల గడిచిందని ఊపిరి పీల్చుకుంటారు. కట్టిన 2,500లో అసలుకు పోయింది 435 రూపాయలే. కొత్తగా ఒక్క రూపాయి వాడకుండా ఏడాదంతా ఇలాగే మినిమం కడుతూ పోతే, కట్టిన సొమ్ము దాదాపు 28,600 అవుతుంది. బాకీ తగ్గేది సుమారు 5,000.

అదే మనిషి మినిమం సంగతి వదిలేసి నెలకు 5,000 చొప్పున విడవకుండా కడితే, పద్నాలుగో నెలలో బాకీ మొత్తం తీరిపోతుంది. మొత్తం దాదాపు 66 వేలు అవుతుంది. మొదటి పద్ధతిలో ఏడాది తర్వాత కూడా 45 వేలు మెడమీద ఉంటుంది, రెండో పద్ధతిలో ఏడాది మీద రెండు నెలలకు మెడ ఖాళీ అవుతుంది.

తెలియక పడే చోట్లు

నెలాఖరుకు బిల్లు పూర్తిగా కట్టేవారికి 45 రోజులో 50 రోజులో వడ్డీ లేని గడువు ఉంటుంది. బాకీ కొంత మిగిల్చారంటే ఆ గడువు పోతుంది. ఆ తర్వాత కొన్న ప్రతి వస్తువుకూ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది.

కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే గడువే లేదు. తీసిన రోజు నుంచి వడ్డీ, దాని పైన రుసుము.

అన్నిటికంటే లోతైన గుంట ఇంకొకటి ఉంది. కార్డు గీకించుకుని, నూటికి రెండో మూడో పట్టుకుని నగదు చేతిలో పెట్టే అంగళ్లు పట్టణాల్లో ఉన్నాయి. ఆ నగదుతో ఇంకో కార్డు బిల్లు కడతారు. వచ్చే నెల ఆ కార్డు గీకి ఈ కార్డు కడతారు. బాకీ తీరదు, కమీషన్ మాత్రం నెలనెలా పెరుగుతుంది.

మా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి ఇలాగే చిక్కుకున్నాడు. నాయుడుపేటలో ఉద్యోగం, నెలకు పద్దెనిమిది వేల జీతం. తండ్రి ఆసుపత్రి ఖర్చుకు కార్డు మీద నలభై వేలు వాడాడు. అది విలాసం కాదు, అవసరం. మినిమం కట్టుకుంటూ, రెండో కార్డు తీసుకుని, గీకుడు అంగళ్ల చుట్టూ తిరిగి, రెండేళ్లకు బాకీ లక్షా పదివేలకు తెచ్చుకున్నాడు. ఇంట్లో చెప్పిన రోజున దారి దొరికింది. మోటారుసైకిలు అమ్మితే నలభై ఐదు వేలు వచ్చింది. మేనమామ అరవై ఐదు వేలు వడ్డీ లేకుండా చేబదులు ఇచ్చాడు. రెండు కార్డులూ మూసేసి, నెలకు ఐదు వేల చొప్పున పదమూడు నెలల్లో మామకు తీర్చేశాడు. అతని జీతం ఒక్క రూపాయి కూడా పెరగలేదు, మారింది వడ్డీ ఒక్కటే.

తీర్చే క్రమం

1. ముందు కార్డు వాడకం ఆపాలి. ఫోనులో యూపీఐకి, కొనుగోలు యాప్‌లకు కలిపిన కార్డును తీసేయాలి. చిల్లు పూడ్చకుండా కుండలో నీళ్లు పోసి లాభం లేదు.

2. ఒక నోటు పుస్తకంలో ప్రతి కార్డు బాకీ, వడ్డీ రేటు, బిల్లు తేదీ రాయాలి. అల్ బఖరా సూరాలోని 282వ ఆయత్ దివ్య ఖుర్‌ఆన్‌లోకెల్లా పొడవైనది. అప్పును రాతలో పెట్టుకోవాలని, సాక్షులను ఉంచుకోవాలని చెప్పేది అదే. రాసిన అప్పును కుటుంబానికి చూపించాలి. మనిషికి ఏమైనా అయితే ఆస్తి పంపకానికి ముందు అప్పు తీర్చాలన్నది మన ధర్మం. తెలియని అప్పును వారసులు ఎలా తీరుస్తారు?

3. ఎక్కువ వడ్డీ ఉన్న కార్డుకు ఎక్కువ సొమ్ము, తక్కిన వాటికి మినిమం కట్టాలి. ఒకటి తీరగానే ఆ సొమ్మంతా రెండోదాని మీదికి మళ్లించాలి.

4. ఇంట్లో అమ్మదగ్గది ఏదైనా ఉంటే చూడాలి. నూటికి మూడున్నర వడ్డీ కడుతూ వాడని వస్తువును దాచుకోవడం నష్టమే. అయినవాళ్ల దగ్గర వడ్డీ లేని చేబదులు దొరికితే, కాగితం రాసిచ్చి తీసుకోవాలి.

5. ఏ దారీ లేకపోతే బాకీని తక్కువ రేటుతో వాయిదాల్లోకి మార్చమని బ్యాంకును అడగవచ్చు. అదీ వడ్డీయే, కానీ భారం తగ్గుతుంది, ముగిసే తేదీ ఒకటి కనబడుతుంది.

6. సగం కట్టండి, సెటిల్‌మెంటు చేస్తామని ఎవరైనా ఫోను చేస్తే తొందరపడకూడదు. అలా ముగిస్తే సిబిల్ వంటి రికార్డుల్లో పూర్తిగా తీర్చినట్టు కాక సెటిల్ చేసినట్టు రాస్తారు. తర్వాత అప్పు పుట్టడం కష్టమవుతుంది. తప్పనిసరి అయితే, బ్యాంకు రాతపూర్వకంగా ఇచ్చిన తర్వాతే కట్టాలి.

7. బాకీ సున్నా అయ్యాక కార్డు మూయమని రాసి, బాకీ లేదన్న పత్రం తీసుకోవాలి. కార్డును కత్తిరించినంత మాత్రాన ఖాతా మూతపడదు, ఏడాది రుసుము వస్తూనే ఉంటుంది.

చట్టం ఇచ్చిన అండ

రిజర్వు బ్యాంకు 2022లో తెచ్చిన కార్డుల నిబంధనలు తెలుసుకుంటే సగం భయం పోతుంది. అడగకుండా కార్డు అంటగట్టకూడదు. బాకీ తీరి, మూయమని కోరాక ఏడు పనిదినాల్లో కార్డు మూయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు బ్యాంకే చెల్లించాలి. గడువు దాటి మూడు రోజులకు పైబడితేనే ఆలస్య రుసుము వేయాలి. వసూలుకు వచ్చేవారు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తర్వాత ఫోను చేయకూడదు. బెదిరించకూడదు, బంధువుల ముందు పరువు తీయకూడదు. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులైనా న్యాయం జరగకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448 నంబరుకు ఫోను చేయాలి.

వడ్డీ రేటు విషయంలో మాత్రం చట్టాన్ని నమ్ముకోలేం. ఏడాదికి 30 శాతం మించి కార్డు వడ్డీ అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

దాతల వంతు

జకాత్ ఎవరికి చెందాలో అత్తౌబా సూరా 60వ ఆయత్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది. వాటిలో గారిమీన్, అంటే అప్పుల్లో కూరుకుపోయినవారు, ఒక వర్గం. జకాత్ అనగానే మనకు ఫకీర్లు, మిస్కీన్లు గుర్తొస్తారు. చొక్కా మడత నలగకుండా బయటికి వచ్చే అప్పులవాడు గుర్తు రాడు. అప్పుతో చనిపోయిన ఒక మనిషి జనాజా ముందు దైవప్రవక్త (స) ఆగిపోతే, ఆ అప్పు నాదని అబూ ఖతాదా (ర) ముందుకు వచ్చిన సంగతి మనం జుమా ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. బతికున్నవాడి అప్పుకు అలా ముందుకు రావడం ఇంకా సులువు.

ఇది మన తెలుగునేలకు కొత్త కాదు. హైదరాబాదులో పుట్టిన పండితుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా ఆ నగరంలో నడిచిన వడ్డీ లేని అప్పుల సంఘాల గురించి రాశారు. 1966లో హైదరాబాదులో మొదలైన తూర్ బైతుల్‌మాల్ బంగారం పెట్టుకుని వడ్డీ లేని అప్పులు ఇస్తూ వచ్చింది. అంతెందుకు, సారా మీద తిరగబడిన మన నెల్లూరు జిల్లా ఆడవాళ్లే ఆ వెంటనే రోజుకు రూపాయి చొప్పున దాచి పొదుపు ఉద్యమం నడిపారు. చేతిలో ఏమీ లేనివాళ్లే నిధి కట్టగలిగినప్పుడు మనం కట్టలేమా?

మా సూచన ఇది. రెండు లక్షల రూపాయలతో ఖర్జె హసనా నిధి ఒకటి విడిగా పెడదాం. యాభై వేల చొప్పున నాలుగు కుటుంబాల కార్డు బాకీ తీర్చవచ్చు. కుటుంబానికి నెలకు ఐదు వేలంటే నెలకు ఇరవై వేలు తిరిగి వస్తాయి. మూడో నెల వాయిదాలు అందేసరికి ఐదో కుటుంబానికి ఇవ్వవచ్చు. పది నెలల్లో మొదటి నలుగురి అప్పూ తీరుతుంది. బ్యాంకుకు వడ్డీగా పోవలసిన డబ్బు ఆ ఇళ్లలో పిల్లల ఫీజుగా మిగులుతుంది.

దీనికి కొన్ని నియమాలు కావాలి. సొమ్ము మనిషి చేతికి కాక నేరుగా కార్డు ఖాతాకే కట్టాలి. కార్డు మూసిన పత్రం తెచ్చి చూపించాలి. భార్యాభర్తలిద్దరూ సంతకం చేయాలి. పేర్లు గుట్టుగా ఉంచాలి, సావనీరులో ఫొటోలు వేయకూడదు. నిజంగా తిరిగి కట్టలేని స్థితిలో ఉన్నవారికి గడువు ఇవ్వాలి, మాఫీ చేస్తే ఇంకా మేలన్నది ఖుర్‌ఆన్ నేర్పిన పద్ధతి. అలాంటి వారికి జకాత్ నుంచి ఇవ్వడం, అందులో వడ్డీ భాగాన్ని ఎలా చూడాలన్నది ఉలమాను అడిగి చేయాలి.

బయటపడినవారు మళ్లీ పడకుండా ఉండాలంటే ఇంట్లో రెండు నెలల ఖర్చుకు సరిపడా సొమ్ము పక్కన ఉండాలి. కార్డుకు కట్టిన వాయిదానే, అప్పు తీరాక, అదే తేదీన పొదుపు ఖాతాలో వేసుకుంటే అది దానంతటదే కూడుతుంది. పంట డబ్బు వచ్చేవారు కోత నాడే ఆరు నెలల సరుకుల ఖర్చు విడిగా తీసి పెట్టుకోవాలి. అదే ఇంటికి అసలైన క్రెడిట్ కార్డు. దానికి వడ్డీ లేదు, బిల్లు తేదీ లేదు.

రాబోయే రమజానులో జకాత్ లెక్క వేసుకునేటప్పుడు గారిమీన్‌ను కూడా ఒకసారి తలుచుకోమని దాతలను కోరుతున్నాం. మన వీధిలోనే, మన సఫ్‌లోనే, మన పక్కనే నిలబడి నమాజు చేసే మనిషి కావచ్చు అతను. అల్లాహ్ మనందరినీ అప్పు భారం నుంచి కాపాడుగాక, మోసేవారికి తోడయ్యే మనసు ఇచ్చుగాక. ఆమీన్.