సిమిలీ, మెటఫర్, అవ్వ మాట

మార్చి నెల దగ్గరపడేసరికి మన ఇళ్ళలో ఒక వల్లెవేత మొదలవుతుంది. సిమిలీ అంటే ఫలానాదానివలె ఉన్నదని పోల్చి చెప్పడం, మెటఫర్ అంటే 'వలె' అన్న మాట లేకుండా ఇదే అది అనడం, పర్సానిఫికేషన్ అంటే ప్రాణం లేనిదానికి మనిషి చేష్టలు అంటగట్టడం. ఇంగ్లీషు పాఠాలు తిరగవేస్తూ పిల్లలు వీటిని గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. వినే తల్లిదండ్రులకు సంతోషమే. కాని చదవని పద్యం ఒకటి ముందు పెట్టి, "ఇందులో పోలిక ఎక్కడున్నదో చూపించు నాయనా" అంటే బిక్కమొహం వేస్తారు. వ్యాసం వ్రాయమంటే గైడు పుస్తకం కోసం వెతుకుతారు.

దీనికి మందుగా బెంగుళూరులోని మన తెలుగు కుటుంబాలకు ఒక సలహా తరచు దొరుకుతూ ఉంటుంది: ఇంట్లో తెలుగు మాని ఇంగ్లీషే మాట్లాడండి అని. బడిలో కన్నడం ఉన్నది, ఇంగ్లీషు ఉన్నది, మూడవదాన్ని వదిలేస్తే పిల్లవాడికి బరువు తగ్గుతుందట. మేము చదివినది మెట్రిక్యులేషన్ వరకే. ఇరవై ఏళ్ళుగా ఆఫీసులో ఇంగ్లీషు కాగితాలూ కన్నడ కాగితాలూ వ్రాస్తున్న గుమాస్తాలము. ఆ అనుభవంతో చెబుతున్నాము: బరువు దిగుతుందేమో గాని, బరువుతో పాటు సరుకు కూడా దిగిపోతుంది.

ఆ సరుకు ఏమిటో చూడండి. ఏప్రిల్ మధ్యాహ్నం అవ్వ గుమ్మంలోకి వచ్చి "ఎండ నిప్పులు చెరుగుతున్నది" అంటుంది. చెరగడం చేటతో మనుషులు చేసే పని. ఆ పని ఎండ చేత చేయించినది కనుక అది పర్సానిఫికేషన్. వేడిని నిప్పులన్నది కనుక అందులోనే మెటఫర్ కూడా ఉన్నది. వాన దంచుతున్నది, చలి కొరుకుతున్నది అన్నా ఇదే వరుస. "వాడి మొహం చేటంత అయింది" అంటే హైపర్బలీ, మన అతిశయోక్తి. పాలు పొంగిపోతుంటే చూస్తూ కూర్చున్న మనవరాలిని "ఎంత పనిమంతురాలివే తల్లీ!" అన్నదనుకోండి, అది ఐరనీ, మన వ్యాజస్తుతికి దగ్గర చుట్టం. గలగల, చిటపట, జలజల, బుడబుడ అనే మాటలకు మన భాషలో కొదవ లేదు. అవన్నీ ఆనమటోపియా అనే భయంకరమైన పేరు కిందికి వస్తాయి. పిల్లవాడు ముందు ఈ మాటలలో అలంకారాన్ని పట్టుకొని, తర్వాత దానికి ఇంగ్లీషు పేరు తగిలిస్తే మరచిపోడు. పేరుతో మొదలుపెట్టిన వాడికి చివరకు పేరే మిగులుతుంది. (అన్నట్టు, హైపర్బలీని మన పిల్లలు స్పెల్లింగు చూసి 'హైపర్‌బోల్' అంటారు. చివరను ఈకారంతో పలకాలి.)

కన్నడ తరగతి కూడా ఇందుకు సాయపడుతుంది. ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష, దృష్టాంతం, శ్లేష అక్కడా అవే పేర్లు. ఉత్పలమాల, చంపకమాల, కందం కూడా అవే. అయినా పిల్లవాడు కన్నడ నోటుబుక్కులో ఉపమ వ్రాసుకొని, ఇంగ్లీషు నోటుబుక్కులో సిమిలీ వ్రాసుకొని, రెండూ అక్కాచెల్లెళ్ళని గుర్తించడు. గుర్తు చేసేవారు ఇంట్లో ఒకరుండాలి.

అయితే ప్రతి మాటకూ జోడు కుదరదు, ఇక్కడ కొంత జాగ్రత్త కావాలి. ఉత్ప్రేక్షకు ఇంగ్లీషు బడిలో వేరే పేరు లేదు. 'అన్నట్లుగా ఉన్నది' అని ఊహించి చెప్పినా దాన్ని సిమిలీలోనే కలుపుతారు. ప్రాస సంగతి ఇంకా చిక్కు. మన పద్యంలో ప్రాస పాదంలోని రెండవ అక్షరం మీద ఉంటుంది. కన్నడంలోనూ అంతే, తమిళులు 'ఎదుగై' అనేదీ అదే. ఇంగ్లీషువారి రైమ్ పంక్తి చివర వస్తుంది కనుక దానికి అంత్యప్రాస అనే పేరు సరిపోతుంది. పద్యాలు బాగా వచ్చిన తాతగారు "ప్రాస చూడరా" అంటే మనవడు పంక్తి చివర వెతికి, లేదని తేల్చిన సందర్భం మాకు తెలుసు. పాపం, ఇద్దరిదీ న్యాయమే.

అలిటరేషన్‌ను అనుప్రాస అనవచ్చు. ఒక్క సంగతి మాత్రం మరువరాదు: అక్కడ లెక్క శబ్దానికే గాని అక్షరానికి కాదు. 'నైఫ్' అన్న మాట స్పెల్లింగులో 'కె' అక్షరంతో మొదలైనా నకారపు మాటలతోనే జత కడుతుంది. 'సిటీ', 'క్యాట్' రెండింటికీ మొదట ఉన్నది ఒకే అక్షరం, అయినా జత కాదు. వ్రాసినట్లే పలికే లిపి మనది గనుక ఈ చిక్కు మన పిల్లలకు తోచదు. ఇంకో వింత. ఇంగ్లీషువారి అతి ప్రాచీన కవిత్వం అంత్యప్రాస మీద కాక ఈ అలిటరేషన్ మీదనే నడిచినది. మన యతిమైత్రి తెలిసినవారికి దాని రుచి త్వరగా పడుతుంది.

ఇక మాటల పట్టిక. రోజుకు పది మాటలు, వాటి అర్థాలు, పదకొండవనాటికి మొదటి పదీ మాయం. అర్థం ఫోనులో క్షణంలో దొరుకుతున్నది గాని, దొరికినంత త్వరగానే పోతున్నది. మేము పిల్లలకు చూపించేది వేరే దారి. హారం అన్న మాటకు ముందు ఉపసర్గ మార్చితే ఆహారం, విహారం, సంహారం, పరిహారం, ప్రహారం అవుతాయని పాత పంతుళ్ళు చెప్పేవారు. లాటిన్ నుంచి వచ్చిన 'పోర్ట్' అంటే మోయడం. ఇంపోర్ట్ లోపలికి మోయడం, ఎక్స్‌పోర్ట్ బయటికి మోయడం, ట్రాన్స్‌పోర్ట్ ఇక్కడినుంచి అక్కడికి మోయడం. రిపోర్ట్ అంటే సమాచారాన్ని తిరిగి మోసుకొని రావడం, ఆఫీసులో మేము చేసే పని. గ్రీకు 'టెలి' అంటే దూరం. మన దేశంలో 2013 జూలైలో టెలిగ్రాం సేవ ఆగిపోయినా, టెలిఫోనులో, టెలివిజన్‌లో ఆ ముక్క బ్రతికే ఉన్నది. ఒక వేరు తెలిస్తే అయిదారు మాటలు వెంట వస్తాయి.

ఇంగ్లీషు మాట మన నోట పడి అర్థం మార్చుకున్న చోట కూడా కాస్త ఆగాలి. హోటలు అంటే మనకు ఇడ్లీ, కాఫీ. వారికి ముందుగా బస. కరెంటు అంటే మనకు విద్యుత్తు; వారికి నీటి ప్రవాహం కూడా, ఇప్పటిది అనే అర్థం కూడా. ఎదురు ప్రయాణం చేసిన మాటలూ లేకపోలేదు. ఇంగ్లీషు నిఘంటువులో ఉన్న 'బ్యాండికూట్' మన పందికొక్కే. ఈ సంగతి చెప్పిననాడు పిల్లలు నవ్విన నవ్వుకు మా హాలు కప్పు ఎగిరిపోయినది. (ఇది ఏ అలంకారమో పాఠకులకు చెప్పనక్కరలేదు.) ఇంట్లో బ్రౌను దొరగారి 1852 నాటి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు, కిట్టెల్ గారి 1894 నాటి కన్నడ–ఇంగ్లీషు నిఘంటువు పక్కపక్కన ఉంటే వేసవి సెలవులకు వేరే కాలక్షేపం అక్కరలేదు.

అసలు కష్టం వ్యాసంతోనే. వ్యాసం అన్న మాటలో విస్తరించడం అనే భావమున్నది. ఇంగ్లీషువారి 'ఎస్సే' ఫ్రెంచి నుంచి వచ్చినది, దాని అర్థం యత్నం. మాంటేన్ 1580లో తన పుస్తకానికి ఆ పేరు పెట్టగా, 1597లో బేకన్ ఇంగ్లీషులో తన వ్యాసాలకు పెట్టుకున్నాడు. 1711లో అడిసన్, స్టీల్ 'స్పెక్టేటర్' పత్రిక నడిపితే, ఆ ఒరవడిని తీసుకొని పానుగంటివారు తెలుగులో 'సాక్షి' వ్రాశారు. వీరిలో ఎవరూ ఆవు సాధుజంతువు అని మొదలుపెట్టలేదు. ఒక మనిషి ఒక సంగతిని తానే ఆలోచించి చూసే యత్నం అది. మన పిల్లలకు ఈ ఒక్క మాట ఎవరూ చెప్పరు. చెప్పకపోగా, "అనాదికాలం నుండి" అని మొదలుపెట్టి "కనుక మనమందరం" అని ముగించే అచ్చు ఒకటి చేతికిస్తారు.

మా సంఘం హాలులో ఒక ఆదివారం 'నీరు' అని విషయం ఇచ్చాము. తొమ్మిదవ తరగతి అమ్మాయి ఇంగ్లీషులో వ్రాసినది ఇది: నీరు జీవులన్నిటికీ అవసరం, నీరు లేనిదే బ్రతుకు లేదు, నీటిని పొదుపు చేయాలి. తప్పు ఒక్కటీ లేదు, అమ్మాయి కూడా అందులో లేదు. "2024 వేసవిలో బెంగుళూరుకు నీటి కటకట వచ్చినప్పుడు మీ ఇంట్లో ఏం జరిగిందమ్మా?" అని అడిగాము. ఎవరు, ఎప్పుడు, ఎన్ని అని మాత్రమే ప్రశ్నలు వేశాము. ఆఫీసులో ఫైలు మీద నోటు వ్రాసేముందు మేము వేసుకునే ప్రశ్నలే అవి. బోరు ఎండిపోయిందట. సుమారు 100 కిలోమీటర్ల నుంచి వచ్చే కావేరి నీరు వాళ్ళ వీధికి అందలేదట. ట్యాంకరు రాత్రి పదకొండుకు వస్తే నాన్నగారు టార్చి పట్టుకొని కింద నిలబడ్డారట. బియ్యం కడిగిన నీళ్ళు అవ్వ తులసికి పోసిందట. ఇదంతా తెలుగులో గడగడా చెప్పింది. ఇప్పుడు చెప్పినదే ఇంగ్లీషులో వ్రాయి అన్నాము.

రెండవసారి వ్రాసిన దానిలో వ్యాకరణం తప్పులు నాలుగున్నాయి. కాని వీధి వీధంతా పెళ్ళివారి బస్సుకోసం చూసినట్లు ట్యాంకరు కోసం చూసిందని ఒక వాక్యమున్నది. అది సిమిలీ అని మేము చెప్పేదాకా ఆ అమ్మాయికే తెలియదు.

ఇంటికి వెళ్ళి అవ్వకు చదివి, తెలుగులో అర్థం చెప్పిందట. అవ్వ అంతా విని, "బకెట్లు కాదే, ఆ రాత్రి పట్టినవి బిందెలు, పదకొండు" అన్నదట. బిందెకు ఇంగ్లీషు మాట కోసం అమ్మాయి నిఘంటువంతా తిరగవేసింది. కుండ అనే మాట దొరికింది, కూజా అనే మాట దొరికింది, రెండూ నచ్చలేదు. చివరకు బిందె అనే ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసి, ఆడవాళ్ళు నడుము మీద పెట్టుకొని నీళ్ళు మోసేది అని పక్కన ఒక ముక్క చేర్చింది. బడిలో టీచరు దాన్ని కొట్టివేయలేదు.